మెడ పట్టింది, గూడ గుంజుతోంది: ఏది ఎందుకు, ఏం చేయాలి

పోయిన చలికాలంలో కోరుట్ల నుంచి హన్మకొండలోని బిడ్డ ఇంటికొచ్చిన ఒక పెద్దమ్మ మా దగ్గరికి వచ్చింది. నేను ఫిజియోథెరపీ చేస్తాను. కూర్చోకముందే సంచి బోర్లించింది. మూడు ఎక్స్‌రేలు, ఒక మెడపట్టీ, సగం సగం పిండిన నాలుగు ఆయింట్‌మెంట్ ట్యూబులు. "ఎముకలు అరిగినయంట బిడ్డా. ఇగ ఇది తక్కువ గాదంట" అంది. నొప్పి ఎక్కడో చూపించమన్నాను. కుడిచేతిని ఎడమ గూడ మీదుగా వెనక్కి పోనిచ్చి, రెక్క ఎముకకూ వెన్నుకూ నడుమనున్న సందులో వేలు పెట్టింది. సంచిలోంచి తంబాకు వాసన వస్తోంది. "రోజుకు ఎన్ని బీడీలు చేస్తవు పెద్దమ్మా?" అంటే, "వెయ్యి. నీకెట్ల ఎరుక?" అని నవ్వింది.

ఎక్స్‌రేల సంగతి ముందే చెప్పేస్తాను. నలభై, యాభై దాటాక మెడ ఎముకల మధ్య సందులు తగ్గడం, అంచుల్లో చిన్న మొలకలు రావడం మామూలే. ఏ నొప్పీ లేనివాళ్ళకు తీసినా అవే కనిపిస్తాయి. వెంట్రుకలు నెరిసినట్టే అది కూడా. రిపోర్టులో "స్పాండిలోసిస్" (ఈ అరుగుదలకే ఆ పేరు) అని ఉన్నంత మాత్రాన మీ నొప్పికి కారణం అదేనని కాదు. ఆ మాట విని మెడ కదపడమే మానేసినవాళ్ళను చాలామందిని చూశాను. వాళ్ళకు నొప్పి కంటే భయమే ఎక్కువ చెరుపు చేసింది.

ముందు ఇవి లేవని తేల్చుకోండి

ఈ కిందివాటిలో ఏ ఒక్కటున్నా కసరత్తులు, కాపడాలు పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి పోవాలి.

వీపు పైభాగంలోనో ఎడమ గూడలోనో నొప్పితో పాటు చెమటలు, ఆయాసం, ఛాతీ బరువు ఉంటే, లేదా మెట్లెక్కితే ఎక్కువై కూర్చుంటే తగ్గుతుంటే అది గుండె కావచ్చు. 108కి ఫోన్ చేయండి. గ్యాసేమోనని సోడా తాగి కూర్చోకండి.

సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని నొప్పి, వెన్ను నడిబొడ్డున వేలితో నొక్కితే ఒకేచోట పోటు ఉంటే వెన్నుపూస టీబీ ఉందేమో చూడాలి. మన దగ్గర అది అరుదేం కాదు, ఎక్కువగా వీపు భాగంలోనే వస్తుంది. మొదట్లో ఎక్స్‌రేలో దొరక్కపోవచ్చు. మందులు సర్కారు దవాఖానాల్లో ఉచితం.

చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం, చీర కుచ్చిళ్ళు పట్టు తప్పడం, కాలి చెప్పు జారిపోయినా తెలియకపోవడం, నడకలో తూలు, మూత్రం ఆపుకోలేకపోవడం. ఇవి వెన్నుపాము నలుగుతోందనడానికి గుర్తులు. నొప్పి పెద్దగా లేకపోయినా సరే, ఆలస్యం చేయొద్దు.

కింద పడ్డాకో బండి ప్రమాదం తర్వాతో మెడ నొప్పి మొదలైతే ముందు ఎముక విరగలేదని తేలాలి. దావత్‌లో మటన్ తిన్న రాత్రల్లా కుడి రెక్క కింద పోటు వస్తుంటే పిత్తాశయంలో రాళ్ళేమో చూపించుకోండి. ఒకవైపే మంటగా ఉండి రెండు మూడు రోజులకు నీటి పొక్కులు లేస్తే అది సర్పి. మందు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది.

"పొద్దున లేస్తే మెడ తిరుగుతలేదు"

రాత్రి బాగానే పడుకున్నారు, లేచేసరికి తల ఒకవైపే ఉండిపోయింది. నరం పట్టిందంటారు గానీ చాలాసార్లు పట్టుకునేది కండరమూ, మెడ వెనక ఉండే చిన్న కీళ్ళూ. రెండు దిండ్ల మీద పడుకోవడం, బోర్లా పడుకోవడం, రైల్లో కూర్చునే నిద్రపోవడం మామూలు కారణాలు.

మూడు రోజుల నుంచి వారంలో దానంతటదే తగ్గుతుంది. వేడినీళ్ళ సంచితోనో, వేయించిన ఇసుక మూటతోనో పావుగంట కాపడం పెట్టి, ఆ తర్వాత నొప్పి మొదలయ్యే దాకా మాత్రమే తలను మెల్లగా అటూ ఇటూ తిప్పండి. గంటకోసారి ఐదారు సార్లు చాలు. షుగరుండి స్పర్శ తగ్గినవాళ్ళు మూట వేడిని ఇంకొకరి చేత చూపించుకోవాలి.

కటింగ్ షాపులో మాత్రం మెడ విరిపించుకోవద్దు. టక్కుమన్న చప్పుడుకు హాయిగానే ఉంటుంది. కానీ మెదడుకు రక్తం తీసుకుపోయే నాళాల్లో రెండు మెడ ఎముకల్లోంచే పోతాయి. ఆ విరుపుకు నాళం లోపలి పొర చిరిగి పక్షవాతం వచ్చిన సందర్భాలున్నాయి. అరుదే, కానీ ఇరవై రూపాయల హాయికి అంత పందెం ఎందుకు?

దిండు విషయం: పక్కకు తిరిగి పడుకుంటే చెవికీ గూడకూ మధ్యనున్న ఖాళీ నిండేంత ఎత్తుండాలి. వెల్లకిలా పడుకుంటే అంతకంటే పలుచగా. కొత్త దిండు కొనేముందు పాత దిండు గలేబులో మడిచిన తువ్వాలు పెట్టి ఎత్తు సరిచూసుకోండి.

"పొద్దూకే సరికి రెక్కల నడుమ మంట"

మా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది ఈ మాటతోనే వస్తారు. బీడీలు చేసేవాళ్ళు, దర్జీలు, వరంగల్ కొత్తవాడలో మగ్గం ముందు కూర్చునేవాళ్ళు, ల్యాప్‌టాప్ మంచం మీద పెట్టుకుని ఇంటినుంచే కంపెనీ పని చేసే పిల్లలు, పోటీ పరీక్షలకు చదివేవాళ్ళు. పనులు వేరు, వంపు ఒకటే.

తల బరువు దాదాపు 5 కిలోలు. మెడలోని ఏడు ఎముకల మీద నిటారుగా నిలబడితే ఆ బరువు పెద్దగా తెలియదు. నీళ్ళబిందె చంకన పెట్టుకుంటే నడవగలం, అదే బిందెను చేయి చాచి పట్టుకోమంటే ఎంతసేపు? తల ముందుకు వంచినప్పుడు మెడ వెనక కండరాల మీద పడేది ఆ చాచిన బిందె బరువే. 60 డిగ్రీలు వంచితే అది 25 కిలోలు దాటుతుందని లెక్కగట్టినవాళ్ళున్నారు. కండరం బిగిసి ఉన్నంతసేపూ దానికి రక్తం సరిగా అందదు. రెక్కల నడుమ మంట దాని మొర.

పెద్దమ్మను అక్కడే కింద కూర్చోబెట్టి, ఒడిలో చాట ఉన్నట్టు ఒక అట్ట పెట్టి, బీడీ చేసి చూపించమన్నాను. గదుమ ఛాతీకి ఆనింది. మోచేతులు గాలిలో ఉన్నాయి. రెండు గూడలూ చెవుల వైపు లేచాయి. తునికాకు చుట్టి దారం కట్టేటప్పుడు ఊపిరి కూడా బిగపట్టింది. ఆ తీరులో ఏడెనిమిది గంటలు. దానికి ఆయింట్‌మెంట్ ఏం చేస్తుంది?

మార్చినవి మూడే. గోడకు వీపు ఆనించి, నడుం వెనక మడిచిన దుప్పటి పెట్టుకోవడం. ఒడిలోని చాటను పీట మీదికెక్కించి, పీట కింద ఇటుకలు పెట్టి, మోచేతులు తొడల మీదో పీట అంచు మీదో ఆనేంత ఎత్తు చేయడం. మూడోది లేవడం. "లేస్తె లెక్క తప్పుతది బిడ్డా" అంది. నిజమే, కట్టల లెక్క మీద కూలి వచ్చే పనిలో గంటకోసారి లేవమని చెప్పడం నాకు తేలిక. అందుకే గంట లెక్క వదిలేశాం. యాభై బీడీలకోసారి కూర్చున్నచోటే రెండు గూడలు వెనక్కి తిప్పి, తల పైకెత్తి మూడు ఊపిర్లు తీసుకోవడం, నాలుగోసారి లేచి మంచినీళ్ళు తాగడం అని ఒప్పందం చేసుకున్నాం.

ల్యాప్‌టాప్ వాళ్ళకూ ఇదే లెక్క. తెర పైఅంచు కంటి ఎత్తులో ఉండాలంటే కింద నాలుగు లావు పుస్తకాలు పెట్టి, కీబోర్డు, మౌస్ వేరేగా కొనుక్కోవాలి. మెడకు పెట్టే ఖర్చుల్లో నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే. ఫోన్‌ను ముఖం దగ్గరికి తెచ్చుకోండి, ముఖాన్ని ఫోన్ దగ్గరికి తీసుకుపోకండి. దర్జీలైతే స్టూలు ఎత్తు మార్చి చూడండి, లైటు బట్ట మీద పడేలా పెట్టండి. వెలుతురు చాలకనే వంగేవాళ్ళు చాలామంది.

కసరత్తులు నాలుగు, రోజుకు రెండుసార్లు. గోడకు ఆనుకుని, తల ఎత్తకుండా దించకుండా గదుమను నేరుగా వెనక్కి జరపండి. రెండో గదుమ వచ్చినట్టు కనిపిస్తుంది, సిగ్గుపడకండి. 5 సెకన్లు ఆపి వదలాలి, 10 సార్లు. తర్వాత రెండు రెక్కల మధ్య పెన్సిల్ పట్టుకున్నట్టు దగ్గరికి లాగి 5 సెకన్లు, 10 సార్లు. గూడలు పైకి లేవకూడదు. మూడోది, గుమ్మంలో నిలబడి ముంజేతులు రెండు దర్వాజా చెక్కలకు ఆనించి ఒక అడుగు ముందుకు వేస్తే ఛాతీ సాగుతుంది. 30 సెకన్లు, మూడుసార్లు. చివరిది, పొట్టి వీపున్న కుర్చీలో కూర్చుని చేతులు తల వెనక పెట్టి, వీపు పైభాగాన్ని కుర్చీ అంచు మీదుగా వెనక్కి వంచడం.

నొక్కితే "అబ్బా, అక్కడే" అనిపించే ముడి ఉంటే, గోడకూ వీపుకూ మధ్య టెన్నిస్ బంతి పెట్టి ఒక్కో చోట అర నిమిషం ఒత్తండి. వెన్నెముక మీద పెట్టొద్దు, పక్క కండరం మీదే.

"మెడ నుంచి వేళ్ళ దాకా గుంజుతుంది, తిమ్మిరెక్కుతుంది"

మెడలోంచి చేతికి వచ్చే నరం మొదలయ్యే చోట ఒత్తిడి పడుతోందన్నమాట. వయసు తక్కువైతే ఎముకల నడుమనుండే మెత్తని డిస్కు ఉబ్బు, ఎక్కువైతే ఎముక మొలక. ఏ వేలనేది చూడండి. బొటనవేలు వైపైతే సాధారణంగా మెడ నరాల్లో ఆరోది, నడిమి వేలైతే ఏడోది, చిటికెన వేలు వైపైతే ఎనిమిదోది. నొప్పి ఉన్న చేతిని ఎత్తి అరచేయి నెత్తిన పెట్టుకుంటే హాయిగా ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది. చాలామంది ఎవరూ చెప్పకుండానే అలా పెట్టుకుని పడుకుంటారు.

అర్ధరాత్రి తిమ్మిరితో మెలకువ వచ్చి, చేయి విదిలిస్తే తగ్గుతుంటే మాత్రం చిక్కు చాలావరకు మెడలో కాదు, మణికట్టులో. ఆ ఇద్దరికీ ఒకటే మందు రాయడం చూస్తుంటాను. మణికట్టు వాళ్ళకు రాత్రిపూట మణికట్టు వంగకుండా పట్టీ కావాలి.

మెడ నరం నొప్పి భయపెట్టినంత మొండిది కాదు. ఎక్కువమందికి ఆపరేషన్ లేకుండానే 6 నుంచి 12 వారాల్లో నెమ్మదిస్తుంది. తల వెనక్కి వంచి పైకి చూసే పనులు, నొప్పి ఉన్న చేత్తో బరువులు ఆపండి. మొదటి రోజుల్లో చేయి కింద దిండు పెట్టుకోండి. పట్టు తగ్గుతోందా, గ్లాసు జారుతోందా, చేయి సన్నబడుతోందా? అప్పుడు ఎమ్మారై తీయించాలి, ఎముకల డాక్టరుకో నరాల డాక్టరుకో చూపించాలి. ఊరికే తిమ్మిరి ఉందని మొదటి వారమే ఎమ్మారైకి పరుగెత్తక్కరలేదు.

తల వెనక నుంచి పైకి పాకే నొప్పి

మెడ పైభాగం బిగుసుకుంటే నొప్పి తల వెనక నుంచి కన్ను దాకా వస్తుంది. పైన చెప్పిన గదుమ కసరత్తే దీనికీ మందు. ఒకసారి బీపీ చూపించుకోండి. ఇంకో సంగతి, రెండు పవర్ల అద్దాలున్నవాళ్ళు కంప్యూటర్‌ను కింది అద్దంలోంచి చూడ్డానికి రోజంతా గదుమ పైకెత్తి ఉంచుతారు. బ్యాంకుల్లో, ఆఫీసుల్లో ఎవరినైనా గమనించండి. వాళ్ళకు తెర కిందికి దించాలి, లేదంటే కంప్యూటర్ కోసమే ఒక జత అద్దాలు చేయించుకోవాలి.

తల తిరుగుడును కూడా మెడ ఖాతాలోనే వేస్తుంటారు. పక్క మీద అటు తిరగగానే ఇల్లంతా గిర్రున తిరిగి అర నిమిషంలో ఆగిపోతే అది చాలావరకు లోపలి చెవి సమస్య. చెవి డాక్టరు తలను ఒక పద్ధతిలో తిప్పి సరిచేస్తారు.

మెడ బాగానే ఉంది, చెయ్యే లేవదు

జడ వేసుకోలేకపోవడం, వెనక జేబులో చేయి పెట్టలేకపోవడం గూడ కీలు బిగుసుకున్న గుర్తు. షుగరున్నవాళ్ళకు ఎక్కువ. షుగరు ఉందని తెలియనివాళ్ళకు ఇలా బయటపడ్డ సందర్భాలూ ఉన్నాయి. మెడకు ఎంత చేసినా ఇది తగ్గదు.

"మందు పూసినన్ని రోజులే తక్కువైతది"

మూడు నెలలు దాటిన నొప్పికి మెత్తని సాగుళ్ళు చాలవు, కండరానికి బలం కావాలి. చేతిసంచిలో రెండు లీటర్ల నీళ్ళ సీసా పెట్టండి. ఒక చేయి మంచం మీద ఆనించి ముందుకు వంగి, రెండో చేత్తో సంచిని నడుం దాకా లాగండి. 10 సార్లు, మూడు విడతలు, రోజు విడిచి రోజు. రెండు వారాలకోసారి బరువు కొద్దిగా పెంచాలి. మొదట్లో కాస్త నొప్పి ఉంటుంది, మర్నాటికి తగ్గిపోతే పర్వాలేదు.

మెడపట్టీ రోజంతా వేసుకుంటే ఉన్న బలం కూడా పోతుంది. నొప్పి గోలీలు నాలుగైదు రోజులకు సరే. నెలల తరబడి అలవాటైతే కిడ్నీకీ కడుపుకూ చేటు, అందులోనూ బీపీ, షుగరు ఉన్నవాళ్ళకు. సూదిలో ఉన్న మందేదో తెలియకుండా ఊళ్ళో పొడిపించుకోకండి.

పత్తికి, మిర్చికి మందు కొట్టేవాళ్ళ మాటొకటి. 16 లీటర్ల పంపు నిండితే నీళ్ళే 16 కిలోలు. పట్టీలు వదులుగా ఉంటే అదంతా గూడల మీద వేలాడుతుంది. బిగించి వీపుకు అతికేలా పెట్టుకుని, మూడు వంతులే నింపి ఇంకో తిప్ప ఎక్కువ తిరగడం నయం.

నిద్ర సరిగా లేనివాళ్ళకు, ఇంట్లో పెద్ద చింత ఉన్నవాళ్ళకు ఇదే నొప్పి రెండింతలవుతుంది. అది మనసులో ఊహించుకున్న నొప్పి కాదు, నిజమైనదే. వాళ్ళకు నేను కసరత్తుల కంటే ముందు సాయంత్రం అరగంట నడక చెబుతాను, భద్రకాళి చెరువు గట్టయినా సరే, వీధి చివరి దాకయినా సరే.

ఏ మార్పు చేసినా ఆరు వారాలు ఆగి చూడండి. పెద్దమ్మ బిడ్డ ఏడో వారంలో ఫోన్ చేసింది. మంట సగానికి తగ్గిందట, రాత్రి నిద్ర పడుతోందట. కానీ చాట ఇంకా కిందికే ఉన్నట్టుంది, పీట కింద ఇంకో ఇటుక పెట్టమంటారా అని అడగమందట. మోచెయ్యి ఎక్కడ ఆనుతోందో ఫోటో తీసి పంపమన్నాను. చూశాక అర ఇటుక చాలన్నాను.