అప్‌డేట్ తీసేసి పాత విండోస్‌కి రావడం: ప్రింటర్ ఆగిన షాపువాళ్ల కోసం

మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం అప్‌డేట్ వదులుతుంది. అప్పటికి మనకి రాత్రి పదిన్నరో పదకొండున్నరో అవుతుంది. బుధవారం పొద్దున నరసరావుపేటలో షాపులు తెరిచేసరికి నాకు ఫోన్లు మొదలు. "అన్నా, నిన్న సాయంత్రం దాకా బాగానే ఉంది. ఇవాళ ప్రింట్ ఇస్తే ఉలుకూ పలుకూ లేదు." డీటీపీ సెంటర్లు, జిరాక్సు షాపులు, రిజిస్ట్రేషన్ దస్తావేజులు టైపు చేసేవాళ్లు, వీళ్ల కంప్యూటర్లు చూసుకోవడమే నా పని. ముహూర్తాల సీజన్లో శుభలేఖలు ఆగితే వాళ్లకెంత టెన్షనో నాకు తెలుసు. అందుకే ఫోన్లో రోజూ చెప్పేది ఇక్కడ రాస్తున్నా. మెనూ పేర్లు స్క్రీన్ మీద ఇంగ్లిష్‌లో ఉంటాయి, ఇక్కడ పలికినట్టే రాశాను. నేను చెప్పేది విండోస్ 11 లెక్కన. 10లో మెనూలు కాస్త అటూ ఇటూగా ఉంటాయంతే.

ముందు తప్పు అప్‌డేట్‌దేనా?

సగం ఫోన్లలో కాదు. ప్రింటర్స్ అండ్ స్కానర్స్ పేజీలో "లెట్ విండోస్ మేనేజ్ మై డిఫాల్ట్ ప్రింటర్" అనే స్విచ్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే చివరిసారి వాడిన ప్రింటరే డిఫాల్ట్ అయి కూర్చుంటుంది. రాత్రి ఎవరో ఒక దస్తావేజును పీడీఎఫ్‌గా సేవ్ చేసి వెళ్తారు. పొద్దున ఇచ్చిన ప్రింట్లన్నీ కాగితం మీదికి రాకుండా పీడీఎఫ్ అడుగుతుంటాయి. ఆ స్విచ్ ఆపి, మీ ప్రింటర్‌ని మీరే డిఫాల్ట్‌గా పెట్టుకోండి. కేబుల్ ఊడిందేమో కూడా చూడండి. ఇలా అంటే చాలామందికి కోపం వస్తుంది, అయినా చూడండి.

తర్వాత సెట్టింగ్స్, విండోస్ అప్‌డేట్, అప్‌డేట్ హిస్టరీ. ఏ అప్‌డేట్ ఏ తేదీన ఎక్కిందో అక్కడ వరసగా ఉంటుంది. ప్రింట్ ఆగిన రోజుకీ ఆ తేదీకీ పొంతన లేకపోతే అప్‌డేట్‌ని వదిలేసి వేరే కారణం వెతకండి. విండోస్ 10 వాడేవాళ్లకి ఇంకో మాట. దానికి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. పొడిగింపు పథకంలో చేరని మెషీన్లకి నెలనెలా వచ్చే అప్‌డేట్లు ఇక రావు. అలాంటి మెషీన్లో ఇవాళ ప్రింటర్ ఆగిందంటే, అప్‌డేట్‌ని ఆఖర్న అనుమానించాలి.

తేదీ కలిసిందనుకుందాం. ఆ పేజీలో క్వాలిటీ (నెలవారీ అప్‌డేట్లు), ఫీచర్ (విండోస్ వెర్షన్‌నే మార్చేవి), డ్రైవర్ (ప్రింటర్ లాంటి పరికరాల్ని నడిపే సాఫ్ట్‌వేర్) అని విడివిడి విభాగాలుంటాయి. కొత్తగా వచ్చింది వాటిలో ఎక్కడుందో చూసి కాగితం మీద రాసుకోండి. పేరు చివర కేబీ అక్షరాలతో ఒక నంబరు ఉంటుంది, అదీ రాయండి. తీసే పద్ధతి దేనికది వేరు.

నెలవారీ అప్‌డేట్ తీయడం

క్వాలిటీ విభాగంలో ఉన్నవి ఇవే. తెరిచిన పనులన్నీ సేవ్ చేసి మూసేయండి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ మీద, లాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టి చేయండి. మధ్యలో కరెంటు పోతే ఇప్పుడున్న సమస్యే నయమనిపిస్తుంది. అప్‌డేట్ హిస్టరీ పేజీలో కిందికి వెళ్తే "అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్" కనిపిస్తుంది. నొక్కితే జాబితా వస్తుంది. మీరు రాసుకున్న కేబీ నంబరు పక్కన అన్‌ఇన్‌స్టాల్ నొక్కి, అయ్యాక రీస్టార్ట్ చేయండి. స్క్రీన్ మీద శాతం ఒకేచోట చాలాసేపు ఆగినా పవర్ బటన్ జోలికి పోవద్దు.

కొన్నిటి పక్కన అన్‌ఇన్‌స్టాల్ బటనే ఉండదు. సర్వీసింగ్ స్టాక్ అని అప్‌డేట్లను ఎక్కించే భాగం ఒకటుంది, ఒకసారి ఎక్కితే దాన్ని తీయలేం. యూట్యూబ్‌లో అప్‌డేట్ తీయడానికి చాలామంది చెప్పే "వూసా" కమాండ్ ఇప్పుడు చాలాసార్లు పనిచేయకపోవడానికీ అదే కారణం. నెలవారీ అప్‌డేట్, ఈ సర్వీసింగ్ స్టాక్ రెండూ కలిపి ఒకే ప్యాకేజీగా వస్తున్నాయి. ఆ కమాండ్‌తో ఆ మొత్తం ప్యాకేజీని తీయడం కుదరదు. జాబితాలో బటన్ లేకపోయినా, నొక్కితే ఎర్రర్ వచ్చినా కమాండ్ ప్రాంప్ట్‌ని (కమాండ్లు టైపు చేసే నల్ల కిటికీ) అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. ఇంగ్లిష్ అక్షరాల్లో డి ఐ ఎస్ ఎం అని కొట్టి, స్పేస్, స్లాష్ ఆన్‌లైన్, స్పేస్, స్లాష్ గెట్ హైఫన్ ప్యాకేజెస్ అని టైప్ చేయండి. పెద్ద జాబితా వస్తుంది. పేరులో "రోలప్‌ఫిక్స్" అని ఉండి, స్టేట్ దగ్గర "ఇన్‌స్టాల్డ్" అని ఉన్నదాన్ని పట్టుకోండి. ఆ పేరు మొత్తం కాపీ చేసుకోండి, చేత్తో టైప్ చేస్తే ఎక్కడో ఒక అక్షరం తప్పుతుంది. మళ్లీ డి ఐ ఎస్ ఎం, స్పేస్, స్లాష్ ఆన్‌లైన్, స్పేస్, స్లాష్ రిమూవ్ హైఫన్ ప్యాకేజ్, స్పేస్, స్లాష్ ప్యాకేజ్‌నేమ్, కోలన్, దాని వెనకే ఆ పేరు. ఎంటర్.

తీసేశాక ప్రింట్ వచ్చిందంటే దోషి దొరికినట్టే. అయితే నెలవారీ అప్‌డేట్లన్నీ క్యుములేటివ్, అంటే పాతవన్నీ కలుపుకునే వస్తాయి. ఈ నెలది తీసేసినా వచ్చే నెల దాంట్లో ఇదీ ఉంటుంది. కాబట్టి తీయడం వల్ల మీకు దక్కేది నాలుగైదు వారాల గడువు. ఆ గడువులో ఏం చేయాలన్నది సమస్య ఏ రకందో దాన్ని బట్టి ఉంటుంది. అందరికీ తెలిసిన రెండు సంగతులు చెప్తాను, తేడా మీకే అర్థమవుతుంది.

2021 మార్చి 9న విండోస్ 10కి కేబీ5000802 వచ్చింది. క్యోసెరా, రికో, జీబ్రా ప్రింటర్లు కొన్నిటికి ప్రింట్ ఇవ్వగానే నీలం స్క్రీన్ పడి మెషీన్ ఆగిపోయేది. అది పొరపాటున దొర్లిన లోపం. మైక్రోసాఫ్ట్ ఒప్పుకుని, అదే నెల 15న దిద్దిన అప్‌డేట్ విడిగా ఇచ్చింది. తీసేసి వారం ఓపిక పట్టినవాళ్ల పని అక్కడితో అయిపోయింది.

అదే ఏడాది సెప్టెంబరు 14న వచ్చిన కేబీ5005565 సంగతి వేరు. ఒక కంప్యూటర్‌కి ప్రింటర్ తగిలించి, మిగతావాటికి షేర్ చేసుకునే చోట్ల చివర్లో 11బి అని ఉండే ఎర్రర్ పడేది. మన షాపులన్నీ దాదాపు అలాగే కదా నడిచేది. ఇక్కడ మార్పు కావాలని చేసిందే. ప్రింట్ స్పూలర్‌లో, అంటే ప్రింట్లను వరసగా ప్రింటర్‌కి పంపే విండోస్ భాగంలో, బయటపడిన ఒక భద్రతా లోపాన్ని మూయడానికి, షేర్డ్ ప్రింటర్‌తో మాట్లాడే పద్ధతిని కట్టుదిట్టం చేశారు. ఇలాంటిది మళ్లీ వదులవ్వదు. ప్రతి నెలా తీసేస్తూ కూర్చున్నవాళ్లు ప్రతి నెలా అదే పని చేశారు. విండోస్ లోపలి సెట్టింగులుండే రిజిస్ట్రీలో ఒక విలువ మార్చి ఆ రక్షణని ఆపే చిట్కా అప్పట్లో తెగ తిరిగింది. నేను ఎవరికీ చెప్పను. జనం పెన్‌డ్రైవ్‌లు తెచ్చి గుచ్చే షాపుల్లో ఉన్న తాళం తీసేయడం నాకు నచ్చదు. ముందు షేర్ చేసే మెషీన్, వాడే మెషీన్లు అన్నిటినీ ఒకే నెల అప్‌డేట్‌కి తేవాలి. అప్పటికీ కుదరకపోతే, ప్రింటర్‌కి నెట్‌వర్క్ పోర్టో వైఫైయో ఉన్నప్పుడు దాన్ని రౌటర్‌కి కలిపి, ప్రతి కంప్యూటర్‌లోనూ దాని ఐపీ అడ్రస్‌తో (నెట్‌వర్క్‌లో దాని నంబరు) నేరుగా పెట్టేయండి. మధ్యలో షేరింగే ఉండదు. ఒక పూట పని, అంతే.

సొంతంగా తీసే ముందు ఇంకో చిన్న సంగతి. భద్రతకి సంబంధం లేని లోపాలు కొన్నిటిని మైక్రోసాఫ్ట్ తనే ఇంటర్నెట్ ద్వారా వెనక్కి తీసుకోగలదు. దాన్ని నోన్ ఇష్యూ రోల్‌బ్యాక్ అంటారు. అది మెషీన్‌కి చేరడానికి ఒక రోజు దాకా పట్టొచ్చు, రీస్టార్ట్ చేస్తే త్వరగా అందుకోవచ్చు. పని మరీ అర్జెంటు కాకపోతే నెట్ ఆన్‌లో ఉంచి రీస్టార్ట్ చేసి, మర్నాటి దాకా చూడండి.

అప్‌డేట్ పేరులో "ప్రివ్యూ" అని ఉంటే ఆలోచించకుండా తీసేయండి. అది నెలాఖర్లో వచ్చే ఐచ్ఛిక అప్‌డేట్. విండోస్ అప్‌డేట్ పేజీలో "గెట్ ద లేటెస్ట్ అప్‌డేట్స్ యాజ్ సూన్ యాజ్ దే ఆర్ అవైలబుల్" అనే స్విచ్ ఎవరో ఆన్ చేసి ఉంటారు. ఆపేయండి. డబ్బు సంపాదించే మెషీన్ మీద ప్రయోగాలు వద్దు.

వెర్షనే మారిపోయి ఉంటే

స్టార్ట్‌లో డబ్ల్యూ ఐ ఎన్ వి ఇ ఆర్ అని కొడితే చిన్న పెట్టె తెరుచుకుని 23హెచ్2, 24హెచ్2 అంటూ వెర్షన్ చూపిస్తుంది. 23హెచ్2 నుంచి 24హెచ్2కి మారడం లాంటివి పెద్ద మార్పులు. వీటిని వెనక్కి తిప్పే దారి సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో "గో బ్యాక్". ఇక్కడ గడియారం నడుస్తుంటుంది. వెర్షన్ మారిన పది రోజుల్లోపే ఆ బటన్ పనిచేస్తుంది. పాత విండోస్ అంతా సీ డ్రైవ్‌లో "విండోస్ డాట్ ఓల్డ్" అనే ఫోల్డర్‌లో దాచి ఉంటుంది, గడువు దాటాక విండోసే దాన్ని చెరిపేస్తుంది. సీ డ్రైవ్ నిండిందని డిస్క్ క్లీనప్‌లో "ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్స్" టిక్ పెట్టారా, పది రోజుల్లోపైనా దారి మూసుకుపోయినట్టే.

పది రోజులు చాలవనుకుంటే ఆ గడువులోపే పెంచుకోవచ్చు. అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో డి ఐ ఎస్ ఎం, స్పేస్, స్లాష్ ఆన్‌లైన్, స్పేస్, స్లాష్ సెట్ హైఫన్ ఓఎస్‌అన్‌ఇన్‌స్టాల్‌విండో, స్పేస్, స్లాష్ వ్యాల్యూ కోలన్ 30. రెండు నుంచి అరవై దాకా ఎంతైనా ఇవ్వొచ్చు. కొత్త వెర్షన్ ఎక్కిన రోజునే ఇది కొట్టేయమని నేను మా షాపులన్నిటికీ చెప్తాను. నెలకోసారి మాత్రమే తీసే పేజ్‌మేకర్ ఫైలు తెరుచుకుంటుందో లేదో పది రోజుల్లో తేలదు కదా.

గో బ్యాక్ చేస్తే మీ ఫైళ్లు ఉంటాయి. కొత్త వెర్షన్ వచ్చాక ఎక్కించిన ప్రోగ్రాములు, డ్రైవర్లు, మార్చిన సెట్టింగులు పోతాయి. ఫైళ్లు ఉంటాయన్నాను కదా అని ఊరుకోకండి. శుభలేఖల మూసలు, దస్తావేజుల నమూనాలు, అను ఫాంట్ల ఇన్‌స్టాలర్ ముందుగా వేరే డిస్క్‌లోకి కాపీ చేయండి. అనులో టైపు చేసింది యూనికోడ్ కాదు. ఆ ఫాంట్లు లేని మెషీన్లో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గీతలు కనిపిస్తాయి.

24హెచ్2 నుంచి 25హెచ్2కి వెళ్లినవాళ్లకి దారి వేరు. అది లోపల ముందే ఉన్న మార్పుల్ని తెరిచే చిన్న ప్యాకేజీ. దాన్ని ఇందాక చెప్పిన అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ జాబితాలోనే వెతకండి.

డ్రైవర్ అయితే

డిస్‌ప్లే లాంటివాటికి డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డ్రైవర్ ట్యాబ్, "రోల్ బ్యాక్ డ్రైవర్". బటన్ మసగ్గా ఉంటే పాత డ్రైవర్ మెషీన్లో లేదని అర్థం. ప్రింటర్లకి ఈ బటన్‌తో కుస్తీ పట్టకండి. ప్రింటర్‌ని తీసేసి, తయారీ కంపెనీ సైట్ నుంచి పాత డ్రైవర్ దించుకుని మళ్లీ ఎక్కించడమే త్వరగా అయ్యే పని.

అసలు ఆన్ కాకపోతే

విండోస్ లోగో రాగానే పవర్ బటన్ నొక్కి పట్టి ఆపేయండి. ఇలా రెండు మూడు సార్లు చేస్తే తర్వాతిసారి అదే రికవరీ స్క్రీన్‌కి వెళ్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్. అక్కడ క్వాలిటీ, ఫీచర్ అని రెండు ఉంటాయి. ముందు క్వాలిటీ ప్రయత్నించండి.

కొత్త లాప్‌టాప్‌లు చాలావాటిలో డిస్క్ ఎన్‌క్రిప్షన్, అంటే డిస్క్‌లో ఉన్నదానికి తాళం, ముందే ఆన్ అయి ఉంటుంది. ఈ స్క్రీన్ మీద ఆ తాళం తీసే 48 అంకెల బిట్‌లాకర్ కీ అడగొచ్చు. లాప్‌టాప్ మొదట తెరిచినప్పుడు ఇచ్చిన మైక్రోసాఫ్ట్ అకౌంట్లో ఫోన్ నుంచి లాగిన్ అయితే చాలావరకు దొరుకుతుంది. ఆ అకౌంట్ పాస్‌వర్డ్ మీ దగ్గర ఉందా, లేక కొన్నచోట కుర్రాడు తన మెయిల్‌తో తెరిచి ఇచ్చాడా? ఇది ఇవాళే చూసుకోవాల్సిన సంగతి.

పాత పీఎస్2 కీబోర్డు, అదే ఊదారంగు గుండ్రటి పిన్ను ఉన్నది, ఒకటి అటక మీద ఉంచుకోండి. 2025 అక్టోబరు 14న విండోస్ 11కి వచ్చిన కేబీ5066835 ఎక్కిన మెషీన్లలో, సరిగ్గా ఈ రికవరీ స్క్రీన్‌లోనే యూఎస్‌బీ కీబోర్డూ మౌసూ పనిచేయలేదు. 20న దిద్దుబాటు వచ్చింది. ఆ ఆరు రోజులూ పీఎస్2 సాకెట్టున్న పాత డెస్క్‌టాప్‌లదే అదృష్టం.

తీశాక

వెంటనే విండోస్ అప్‌డేట్ పేజీలో "పాజ్" నొక్కండి, లేకపోతే తీసిందే మళ్లీ ఎక్కుతుంది. ఐదు వారాల దాకా ఆపుకోవచ్చు. అప్‌డేట్ సర్వీసునే శాశ్వతంగా ఆపేయమని అడుగుతారు కొందరు. బ్యాంకు పనులు, ఆధార్ కాపీలు నడిచే మెషీన్‌కి నేనా పని చేయను.

రెండు మూడు కంప్యూటర్లున్న షాపైతే, ముహూర్తాల పని చేసే మెషీన్‌ని పాజ్‌లో పెట్టి, జిరాక్సు దగ్గర ఉండే మెషీన్‌కి అప్‌డేట్ రానివ్వండి. ఒక వారం దాని మీద అన్ని రకాల ప్రింట్లూ తీసి చూడండి. లీగల్ సైజు, కార్డు అట్ట, షేర్డ్ ప్రింటర్, అన్నీ. బాగుంటే అప్పుడు రెండోదాని పాజ్ తీయండి.