పాత ఇల్లు కొనేముందు – 4వ పాఠం: డొల్ల శబ్దం, కొత్త రంగు

ఈ వారం పైపులు, వైరింగ్ గురించి చెబుతానన్నాను. కుదరలేదు. గత పాఠంలో రూపాయి బిళ్లతో స్లాబు అడుగున తట్టి చూడమన్నందుకు మీలో చాలామంది తట్టారు, డొల్ల శబ్దం విన్నారు, భయపడ్డారు. ఒకరైతే బయానా వదులుకుని వచ్చేశారు. ఇంకొకరు మేస్త్రీని పిలిస్తే, ఆయన తుప్పు మీదే సిమెంటు కొట్టి, ఇక ముప్పయ్యేళ్లు చూసుకోనక్కర్లేదని చెప్పి వెళ్లాడట. మొదటి తప్పు నాది. డొల్ల రెండు రకాలని చెప్పకుండా వదిలేశాను.

పైపూత మాత్రమే విడిపోతే డొల్ల అక్కడక్కడా వినిపిస్తుంది. పగుళ్లుంటే సాలెగూడులా ఎటుపడితే అటు పోతాయి. అది చెక్కించి మళ్లీ పూత పూయించే పని, అంతే. పగులు గీత గీసినట్టు తిన్నగా ఉండి, జానెడు దూరంలో దానికి సమాంతరంగా మరొకటి కనిపించి, అంచున గోధుమరంగు మరక ఉంటే, మీరు చూస్తున్నది లోపలి ఇనుప ఊచల వరసను.

కొత్త కాంక్రీటులోని క్షారం ఇనుమును కాపాడుతుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏళ్ల తరబడి లోపలికి ఇంకి ఆ క్షారాన్ని తగ్గిస్తుంది. తర్వాత కాస్త తేమ తగిలితే చాలు, తుప్పు మొదలవుతుంది. తుప్పుకు ఇనుము కంటే రెండింతలకు పైగా చోటు కావాలి కాబట్టి కింది కాంక్రీటును తోసేస్తుంది. అదే పెచ్చులూడటం. కాంక్రీటు కట్టడాలకు మన దేశపు ప్రమాణం ఐఎస్ 456. దాని 1978 నాటి ప్రతిలో స్లాబు ఊచ కింద 15 మిల్లీమీటర్ల కవరు, అంటే ఊచను కప్పే కాంక్రీటు మందం, చాలన్నారు; 2000లో దాన్ని 20 చేశారు. పాత ఇళ్లలో ఆ 15 కూడా దక్కనివి ఎన్నో ఉన్నాయి; ఊచలను ఎత్తిపెట్టే సిమెంటు బిళ్లలకు బదులు చేతికందిన కంకర రాయి పెట్టేవారు. విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లలో సముద్రపు ఉప్పుగాలి ఈ పనిని ఇంకా తొందరగా చేస్తుంది.

అందుకే తుప్పు మీద సిమెంటు కొట్టడం మరమ్మతు కాదు. ఊచ వెనక్కి వేలు దూరేంత చెక్కాలి, తుప్పంతా గీకాలి, ఊచకు రక్షణ పూత వేయాలి, ఆ తర్వాతే కొత్త పొర. ఊచ సన్నబడిందనిపిస్తే మేస్త్రీ కాదు, ఇంజనీరు రావాలి. ఈ ఖర్చు రాయించుకున్నాకే బేరానికి కూర్చోండి.

నాకు ఒళ్లు మండే సంగతి మరొకటి ఉంది: కొత్త రంగు. ఇల్లంతా పాతబడి, ఒక్క పడకగది పైకప్పు మాత్రం మల్లెపువ్వులా ఉంటే ఆ గది పైన ఏముందో అడగండి. పై వాటా స్నానాల గదే అయివుంటుంది. హాల్లో మూడడుగుల ఎత్తు వరకు టైల్స్ అంటించిన ఇల్లొకటి చూశాను. అందం కోసమన్నారు. నేల నుంచి ఎక్కే చెమ్మ సాధారణంగా ఆ ఎత్తుకే ఆగుతుంది! ఒక ఇంట్లో బీరువా గోడకు ఆనించకుండా జానెడు ముందుకు జరిపి ఉంది, వెనక గోడంతా తెల్లటి ఉప్పు తేలింది. మరో ఇంట్లో వంటగదికి మాత్రమే ఫాల్స్ సీలింగ్. ఇంకోచోట గోడ మూలను దేవుడి పటాలు కప్పేశాయి. వాటిని తీయమనడానికి నాకూ నోరు రాలేదు, ఆ ఇల్లు వదిలేశాను.

చెమ్మ ఎక్కడ కనిపిస్తే అక్కడే పుట్టిందనుకోకండి. పైకప్పు, గోడ కలిసే గీత వెంట ఉంటే ముందు పిట్టగోడ అడుగు చూడండి. కిటికీ కింద ఉంటే సజ్జా, గడప. నేనయితే వాన వెలిసిన మర్నాడు వెళ్తాను, టార్చి గోడకు ఆనించి వెలుగు పక్కవాటుగా వేస్తాను. ఉబ్బులన్నీ నీడలతో బయటపడతాయి. తేమ కొలిచే మీటరూ కొన్నాను, అది పెట్టెలోంచి బయటికి రాలేదు.

పైపులు, వైరింగ్ గురించి ప్రస్తుతానికి ఇంతే: పొద్దున్నే మొదట తిప్పిన కుళాయిలో ఎర్రనీళ్లు వస్తే ఇనుప పైపులన్నీ మార్చే ఖర్చు లెక్కలో వేసుకోండి. ప్లగ్ పాయింటుకు మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన దాని వెనక ఎర్త్ తీగ ఉన్నట్టు కాదు.

అభ్యాసం: మీరు చూస్తున్న ఇంటికి మూడుసార్లు వెళ్లండి. వాన మర్నాడు ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, దీపాలు పెట్టాక ఒకసారి. ప్రతి గదికీ నాలుగు గోడలు, పైకప్పు విడివిడిగా గీసి, మరక ఎంత ఎత్తులో ఉందో అంగుళాలలో రాయండి. యజమాని ఒప్పుకుంటే డాబా మీద నీళ్లు పోయే గొట్టాలకు గుడ్డ కుక్కి, రెండంగుళాల నీళ్లు ఒక రోజు నిలపండి. ఆ నీటి బరువు చదరపు మీటరుకు 50 కిలోలు. పెచ్చులూడుతున్న స్లాబు మీద మాత్రం ఈ పరీక్ష చేయకండి.