విట్‌సండే దీవుల్లో రెండు రాత్రుల సెయిలింగ్ యాత్ర ఎలా చేయాలి?

ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ తీరానికి ఎదురుగా 74 దీవుల గుంపు ఒకటుంది. అవే విట్‌సండే దీవులు. మంచుయుగం ముగిసి సముద్రమట్టం పెరిగినప్పుడు ఇక్కడి కొండలు మునిగిపోయి, శిఖరాలు మాత్రం పైన మిగిలాయి. అందుకే దీవులన్నీ ఏటవాలుగా, చెట్లతో దట్టంగా ఉంటాయి. ఇంకాస్త దూరాన గ్రేట్ బ్యారియర్ రీఫ్ అనే పగడాల దిబ్బల వరుస అడ్డుగా ఉండి పెద్ద అలలను చాలావరకు ఆపేస్తుంది. తెరచాప పడవ ఎప్పుడూ ఎక్కనివాళ్లు మొదటిసారి ఎక్కడానికి ఇది మంచి చోటు.

బ్రిస్బేన్, సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో ఉండే మనవాళ్లు ఇక్కడికి వచ్చినా, ఎక్కువమంది ఒక్కరోజు స్పీడ్‌బోటు టూరుతో సరిపెట్టుకుని వెళ్లిపోతారు. ముక్కూమొహం తెలియనివాళ్లతో పడవలో రెండు రాత్రులంటే కొంచెం జంకు, ఈత రాదన్న భయం, తిండి ఎలా అన్న టెన్షన్. మూడింటికీ దారి ఉంది. కానీ పడవ సరిగ్గా ఎంచుకోకపోతే మిగతావన్నీ ఎంత బాగా చేసుకున్నా లాభం లేదు. అందుకే ఆ సంగతే ఎక్కువగా రాస్తున్నాను.

1. నెల చూసుకోండి

సెప్టెంబరు, అక్టోబరు నా ఓటు. వాన తక్కువ, ఎండ హాయిగా ఉంటుంది, గాలి మరీ విసురుగా ఉండదు. జూన్ నుంచి ఆగస్టు దాకా అక్కడ చలికాలం. పగలు బాగానే ఉన్నా రాత్రి డెక్ మీద జాకెట్ లేకుండా కూర్చోలేరు, నీళ్లూ చల్లగా ఉంటాయి. అయితే హంప్‌బ్యాక్ తిమింగలాలు అంటార్కిటికా వైపు నుంచి పిల్లల్ని కనడానికి వచ్చేది ఆ రోజుల్లోనే. వాటికోసం చలిని భరించేవాళ్లు చాలామంది ఉన్నారు.

నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు, తుపాన్ల కాలం. 2017 మార్చి 28న డెబ్బీ తుపాను సరిగ్గా ఇక్కడే తీరం దాటింది. హుక్ దీవి చుట్టూ ఉన్న పగడాలు అప్పుడు బాగా దెబ్బతిన్నాయి. ఆ నెలల్లో టికెట్లు చవగ్గా దొరికినా, ప్రయాణం రద్దయితే డబ్బు వెనక్కి ఇస్తారా, వేరే తేదీ ఇస్తారా అన్నది ముందే అడిగి తెలుసుకోండి.

2. పడవను ఎంచుకోండి (తొందరపడకండి)

ఫొటోల్లో అన్ని పడవలూ ఒకేలా కనిపిస్తాయి. అసలు తేడాలు ఇవీ.

ఒకప్పుడు పందేల్లో పరుగెత్తి, ఇప్పుడు పర్యాటకులను తిప్పుతున్న పొడవాటి రేసింగ్ పడవలు కొన్ని ఉన్నాయి. సెయిలింగ్ అంటే ఏమిటో ఒంటికి తెలియాలంటే ఇవే ఎక్కాలి. గాలి అందుకోగానే ఒక పక్కకి బాగా ఒరుగుతాయి, అందరూ లేచి రెండో వైపుకి వెళ్లి కూర్చోవాలి, తాళ్లు లాగడానికి మిమ్మల్నీ పిలుస్తారు. లోపల మాత్రం ఇరుకు. రైల్లో స్లీపర్ బెర్తుల్లా ఒకదాని మీద ఒకటి పడకలు, మధ్యలో తలుపుల్లేవు. ఒరుగుడు చూసి భయపడేవాళ్లకు ఒక మాట: అడుగున కీల్ అనే బరువైన భాగం ఉంటుంది. పడవ ఎంత ఒరిగితే అది అంత గట్టిగా వెనక్కి లాగి నిలబెడుతుంది.

రెండు పొట్టలుండే కాటమరాన్ రకం పెద్దగా ఒరగదు. డెక్ విశాలంగా ఉంటుంది, గదులు విడివిడిగా దొరుకుతాయి, ఖరీదు కొంచెం ఎక్కువ. భార్యాభర్తలకూ, పెద్దవాళ్లతో వచ్చేవాళ్లకూ, కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లకూ నేను ఇదే చెబుతాను. మూడోది పాతకాలపు చెక్క ఓడల తరహా. చూడ్డానికి అందంగా ఉంటాయి, నెమ్మదిగా వెళ్తాయి.

ఇంజను లేని పడవ ఉండదు. గాలి పడిపోతే అందరూ ఇంజను మీదే వెళ్తారు, దానికి నిరుత్సాహపడకండి.

బుక్ చేసేముందు ఫోన్‌లోనో ఈమెయిల్‌లోనో ఇవి అడగండి. మొత్తం ఎంతమంది? వయసు పరిమితి ఉందా? కొన్ని పడవలు కుర్రకారు కోసమే నడుస్తాయి, తెల్లవార్లూ పాటలు, బీర్లు. అది కావాలనుకునేవాళ్లకు పండగే, వద్దనుకునేవాళ్లకు నరకం. పడక ఒక్కరికా, ఇద్దరికా? ఒంటరిగా వెళ్తున్నవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, ఇది తప్పకుండా అడగాలి. కొన్ని పడవల్లో డబుల్ పడక ఇచ్చి పక్కన తెలియనివాళ్లని వేస్తారు. మందు వాళ్లే అమ్ముతారా, మనం తెచ్చుకోవాలా? తెచ్చుకునేదైతే గాజు సీసాలు చాలా పడవల్లో ఎక్కనివ్వరు. మెరైన్ పార్కు రుసుము టికెట్‌లోనే కలిసిందా, విడిగా కట్టాలా? ఈ చిన్న మొత్తాన్ని రేవులో అడిగేసరికి గొడవపడేవాళ్లు ఉంటారు, అందుకే చెబుతున్నాను.

లైసెన్సు లేకుండానే పడవ అద్దెకు తీసుకుని మనమే నడుపుకునే బేర్‌బోట్ పద్ధతి కూడా ఇక్కడ ఉంది. అనుభవమున్న స్నేహితులుంటే సరే, మొదటిసారికి వద్దు.

3. ఎయిర్లీ బీచ్ చేరుకోండి

పడవలన్నీ దాదాపు ఎయిర్లీ బీచ్ అనే చిన్న ఊరి నుంచే బయల్దేరతాయి. విమానంలో ప్రాసర్‌పైన్‌లో దిగి అక్కడి నుంచి బస్సులో రావచ్చు. లేదా హామిల్టన్ దీవిలో దిగి ఫెర్రీ ఎక్కవచ్చు. బ్రిస్బేన్ నుంచి రోడ్డు మీద సుమారు 1,100 కిలోమీటర్లు. బయల్దేరే రోజు పొద్దున్నే దిగేలా విమానం బుక్ చేయకండి. అది ఆలస్యమైతే పడవ మీకోసం ఆగదు. ముందురోజు రాత్రికే ఊళ్లో ఉండాలి.

4. ఈత రాదా? దాచకండి

మనలో చాలామందికి ఈత రాదు, లేదా స్విమ్మింగ్ పూల్ ఈత మాత్రమే వచ్చు. అంతమాత్రాన ఈ యాత్ర వదులుకోనక్కర్లేదు, కానీ పడవ ఎక్కగానే సిబ్బందికి చెప్పేయాలి. లైఫ్ జాకెటో, పట్టుకుని తేలే నురుగు కడ్డీయో ఇస్తారు, ఒకరు దగ్గరుంటారు. గుండె జబ్బు, ఆస్తమా, ఫిట్స్ ఉన్నవాళ్లు ఆరోగ్య ఫారంలో నిజం రాయాలి. స్నార్కెలింగ్‌లో, అంటే మాస్కు పెట్టుకుని గొట్టంతో గాలి పీలుస్తూ నీళ్ల మీద తేలుతూ కిందికి చూడటంలో, ప్రాణాల మీదికి వచ్చేది ఎక్కువగా ఇలాంటివి దాచినప్పుడే.

ముందురోజు ఊళ్లో ఉండమన్నది ఇందుకు కూడా. ఎయిర్లీ బీచ్ ఒడ్డున లగూన్ అనే పెద్ద ఈత కొలను ఉంది, ఉచితం, లైఫ్‌గార్డులు ఉంటారు. స్నార్కెల్ మాస్కు సంపాదించి అక్కడ నడుంలోతు నీళ్లలో నిలబడి, మొహం ముంచి నోటితో గాలి పీల్చడం సాధన చేయండి. ముక్కుతో పీల్చే అలవాటు మానుకోవడమే అసలు కష్టం. అది వచ్చేసిందంటే సముద్రంలో సగం భయం ఉండదు.

నవంబరు నుంచి మే దాకా ఈ నీళ్లలో బాక్స్ జెల్లీఫిష్, ఇరుకాంజీ అనే ప్రమాదకరమైన జెల్లీఫిష్‌లు తిరుగుతాయి. ఇరుకాంజీ గోరంత ఉంటుంది, కంటికి కనిపించదు. ఒళ్లంతా కప్పే పల్చటి స్టింగర్ సూట్ వేసుకోనిదే దిగకూడదు. పడవలోనే ఇస్తారు. నల్లగా బిగుతుగా ఉండే ఆ బట్టల్లో ఎవరూ అందంగా కనిపించరు, అందరూ ఒకే తీరు కాబట్టి మొహమాటం అక్కర్లేదు. ఎవరికైనా కుడితే ముందు వెనిగర్ బాగా పోయాలి. అందుకే బీచ్‌ల దగ్గర వెనిగర్ సీసాలు పెడతారు.

5. బ్యాగు సర్దుకోండి

చక్రాల సూట్‌కేసులు పడవలో పెట్టనివ్వరు. మెత్తటి చిన్న సంచీ ఒకటి చాలు, పెద్ద సామాను హాస్టల్లోనో హోటల్లోనో వదిలేయండి. ఈతబట్టలు, రెండు జతల బట్టలు, గాలికి ఎగిరిపోకుండా తాడున్న టోపీ, చలికోటు, పగడాలకు హాని చేయని సన్‌స్క్రీన్, పవర్ బ్యాంక్. చెవుల్లో పెట్టుకునే ఇయర్ ప్లగ్స్ మరవకండి, గురకపెట్టేవాళ్లు ప్రతి పడవలోనూ ఉంటారు. చెప్పులు ఎక్కేచోటే తీసి బుట్టలో వేయమంటారు, ఈ అలవాటు మనకు కొత్త కాదు.

వాంతుల మాత్రలు ఫార్మసీలో అడిగి తీసుకోండి. పడవ కదిలాక, తల తిరిగాక వేసుకుంటే పనిచేయవు. ముందే వేసుకోవాలి.

తిండి సంగతి. పడవలో వంట సిబ్బందే చేస్తారు. శాకాహారమైతే, గుడ్డు కూడా తినకపోతే, బుక్ చేసేటప్పుడే రాయండి. సముద్రం మధ్యలో చెబితే సలాడ్, బ్రెడ్ తప్ప ఏమీ దొరకదు. ఎలా వండినా చప్పగానే ఉంటుంది. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో కందిపొడో కారప్పొడో పట్టుకెళ్తే ప్రాణం లేచి వస్తుంది. పక్కవాళ్లు కూడా అడిగి వేసుకుంటారు. ఆవకాయ వద్దు, పడవ ఒరిగితే నూనె అందరి బ్యాగుల్లోకీ చేరుతుంది. ఇండియా నుంచి నేరుగా వచ్చేవాళ్లు మాత్రం తినేవి ఏం తెచ్చినా ఎయిర్‌పోర్టులో డిక్లేర్ చేయాలి, లేకపోతే జరిమానా.

6. పడవలో మెలగడం

మొదటి అరగంట స్కిప్పర్ (పడవ నడిపే నాయకుడు) చెప్పేది ఫోన్ పక్కన పెట్టి వినండి. తెరచాప కింది అంచున బూమ్ అనే అడ్డకమ్మీ ఉంటుంది. పడవ దిశ మారినప్పుడు అది ఒక్కసారిగా ఇటు నుంచి అటు తిరుగుతుంది, తల వంచకపోతే పగులుతుంది. నడిచేటప్పుడు ఒక చేత్తో ఎప్పుడూ ఏదో ఒకటి పట్టుకునే ఉండాలి. తాడు లాగమంటే లాగండి, కానీ చేతికి చుట్టుకోకండి.

తల తిరుగుతున్నట్టుంటే కిందికి వెళ్లి పడుకోవద్దు. డెక్ మీదే కూర్చుని దూరంగా సముద్రం, ఆకాశం కలిసే గీత వైపు చూస్తుండండి. వాంతి తప్పనిసరైతే గాలి పోయే వైపుకి వెళ్లండి. గాలి వచ్చే వైపు నిలబడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

మంచినీళ్లు పరిమితం. స్నానమంటే ఒళ్లు తడుపుకుని, ట్యాప్ కట్టి, సబ్బు రుద్దుకుని, మళ్లీ కడుక్కోవడం. టాయిలెట్‌ను చాలా పడవల్లో చేత్తో పంపు కొట్టి శుభ్రం చేయాలి. కాగితం తప్ప ఏం వేసినా మూసుకుపోతుంది, మూసుకుపోతే ఇరవైమందికీ ఇబ్బంది. నీళ్లు వాడే మనవాళ్లు మూతకి చిల్లులు పెట్టిన చిన్న ప్లాస్టిక్ సీసా పట్టుకెళ్తే సరిపోతుంది. దీని గురించి ఎవరూ రాయరు, ప్రతి ఒక్కరికీ కావాలి.

తోటి ప్రయాణికులు ఎక్కువగా యూరప్ నుంచి వచ్చిన కుర్రాళ్లు, అమ్మాయిలు ఉంటారు. మొదటి సాయంత్రం గిన్నెలు తుడవడానికి ఒక చెయ్యి వేయండి, మాటలు వాటంతటవే మొదలవుతాయి. నలుగురు తెలుగువాళ్లు కలిసి వెళ్తే ఒక మూల చేరి మనలో మనమే మాట్లాడుకుంటాం. రెండు రోజులు దాన్ని కాస్త తగ్గించుకోండి.

7. చూడాల్సినవి

వైట్‌హేవెన్ బీచ్ అందరికీ తెలిసిందే. 7 కిలోమీటర్ల పొడవు, దాదాపు 98 శాతం సిలికా ఉన్న తెల్లటి ఇసుక, మండుటెండలోనూ కాళ్లు కాలవు. ఆ ఇసుక మరీ సన్నగా ఉంటుంది కాబట్టి ఫోన్లు, కెమెరాలు జాగ్రత్త. ఆ ఇసుకను ఇంటికి పట్టుకెళ్లడం మాత్రం నిషేధం, ఇది నేషనల్ పార్కు. ఉత్తరం కొసన హిల్ ఇన్‌లెట్ అనే పాయ ఉంది. ఇసుక, నీలం, ఆకుపచ్చ సుడులు తిరిగి కలిసిపోయినట్టుండే ఫొటోలు అక్కడ కొండ మీది నుంచి తీసినవే. నీళ్లు తగ్గే ఆటు సమయంలోనే ఆ రంగులు బాగా కనిపిస్తాయి, పోటు మీద వెళ్తే వట్టి నీలమే. మీరు వెళ్లే రోజు ఆటుపోట్ల వేళలు చూసుకుని స్కిప్పర్‌ని అడగండి.

హుక్ దీవిలో నారా ఇన్‌లెట్ దగ్గర చాలా పడవలు రాత్రికి లంగరు వేస్తాయి. మూడు వైపులా కొండలు కాబట్టి అలలుండవు. అక్కడి నుంచి కాసేపు మెట్లెక్కితే ఒక రాతి గుహ, దాని గోడల మీద ఎన్‌గారో ప్రజల బొమ్మలు ఉన్నాయి. చెట్టు బెరడుతో చేసిన పడవల్లో ఈ దీవుల మధ్య తిరిగిన ఆదివాసులు వాళ్లు. ఇక్కడ వాళ్ల ఉనికికి సుమారు 9,000 ఏళ్ల ఆధారాలు దొరికాయి. కొన్ని పడవలు ఇక్కడ దించకుండానే వెళ్లిపోతాయి. నన్నడిగితే వైట్‌హేవెన్‌లో ఒక గంట తగ్గినా ఇది చూడాలి.

స్నార్కెలింగ్‌లో పగడాల మీద నిలబడకండి, తాకకండి. కాలు పెట్టిన చోట ఏళ్ల తరబడి పెరిగింది విరిగిపోతుంది, అరికాలూ కోసుకుంటుంది.

8. తిరిగి వచ్చాక

పడవ దిగిన రోజు సాయంత్రానికే విమానం పెట్టుకోవద్దు. గాలిని బట్టి రాక ఆలస్యం కావచ్చు. పడవలో స్కూబా డైవింగ్ కూడా చేసినవాళ్లు కనీసం 18 గంటలు గడిచేదాకా విమానం ఎక్కకూడదు. రక్తంలో మిగిలిన నైట్రోజన్ పైకి వెళ్లినప్పుడు బుడగలై ప్రమాదం తెస్తుంది. ఇంకో రాత్రి ఊళ్లోనే ఉండండి. బాత్రూంలో నిలబడితే నేల ఊగుతున్నట్టనిపిస్తుంది, అది ఒకట్రెండు రోజుల్లో పోతుంది. ఉప్పునీళ్లలో తడిసిన బట్టలు, మాస్కు, కెమెరా కవరు అదే రాత్రి మంచినీళ్లలో జాడించి ఆరేయండి.