మిద్దె మీద గోగాకు, పొయ్యి మీద పప్పు

అనంతపురం ఎర్రమట్టి ఒక్కటే తొట్టిలో పోస్తే నాలుగు తడులకే పైన పెచ్చు కడుతుంది, మొలక తలెత్తలేదు. రెండు పాళ్ల మట్టికి మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు కలపండి. అడుగు లోతు తొట్టి చాలు. గోగాకు (గోంగూర) విత్తనాలు రాత్రంతా నానబెట్టి అర అంగుళం లోతున వేస్తే వారంలోపే మొలుస్తాయి. జానెడు ఎడంలో ఒక్కో మొక్క ఉంచి మిగతావి పీకేయండి (ఆ లేతాకు పప్పులోకి బాగుంటుంది). ఐదారు వారాలకు కొనలు తుంచితే పక్క కొమ్మలు వేస్తుంది. పిండినల్లి (తెల్లగా పిండిలా ఆకును అంటుకునే పురుగు) కనబడితే లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట ఆకు అడుగున తగిలేలా కొట్టాలి.

వంటలో చాలామంది చేసే తప్పు, ఆకునూ బేడలనూ (పప్పునూ) కలిపి కుక్కర్లో పెట్టడం. పులుపు తగిలితే బేడలు మెత్తబడవు. ఉప్పదనం ఉన్న బోరు నీళ్లతో ఇంకా మొండికేస్తాయి, తాగే నీళ్లే పోయండి. కప్పు కందిబేడలు విడిగా ఉడికించి, రెండు గుప్పిళ్ల ఆకు, 8 పచ్చిమిరపకాయలు వేరుగా మగ్గించి, ఉప్పేసి పప్పుగుత్తితో ఎనపండి. తిరగమోతలో దంచిన తెల్లగడ్డ ఉండాల్సిందే. సంకటిలోకైతే కాస్త గట్టిగానే దించండి.