లంగరు దిగనంటోందా? విండ్లాస్ మోటారు కన్నా ముందు చూడాల్సినవి

సెయిలింగ్ యాట్‌లో (తెరచాప పడవలో) లంగరు మొరాయిస్తే అందరి అనుమానమూ విండ్లాస్ (లంగరు గొలుసును దించి ఎత్తే యంత్రం) మోటారు మీదకే పోతుంది. ముందు గొలుసు దారి చూడండి. తప్పు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

బటన్ నొక్కితే గొలుసు డెక్ మీదే కుప్పపడుతోంది, లంగరు కదలదు

లంగరు కదలకుండా పెట్టిన పిన్ను తీశారా, కట్టిన తాడు విప్పారా? రెండూ సరిగానే ఉంటే, లంగరు బరువు బో రోలర్‌కి (పడవ ముందు కొనన గొలుసు జారే చక్రానికి) వెనక పడుతోందన్నమాట. ముందుకు ఒరిగే బరువు లేకపోతే అది తనంతట తాను జారదు. మధ్యలో కీలు ఉండే సీక్యూఆర్ రకం లంగరుతో ఈ బాధ ఎక్కువ. డెల్టా లాంటి కీలు లేనివి సులువుగా జారతాయి. చేత్తో మెల్లగా ముందుకు నెట్టి, ఎక్కడ ఒరుగుతోందో గుర్తు పెట్టుకోండి. రోలర్‌ని అక్కడికి సరిపోయేలా మార్చుకోవాలి, లేదా ఊగే జంట రోలర్ బిగించాలి. అది కుదిరేదాకా, లంగరు వేసే చోటు దగ్గరపడ్డాక ముందే దాన్ని రోలర్ కింద వేలాడదీసి ఉంచండి.

సగం దిగి ఆగిపోతోంది, లేదా ఎత్తేటప్పుడు జిప్సీ (గొలుసు లింకులను పట్టి లాగే విండ్లాస్ చక్రం) దగ్గర ఇరుక్కుంటోంది

నన్ను అడిగితే అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఇదే. గొలుసు దాచే లాకర్‌లో అది ఒకేచోట పడి గోపురంలా లేస్తుంది. దాని కొన, గొలుసు లోపలికి దిగే పైపు దాకా వచ్చేస్తే కొత్తగా వచ్చే గొలుసుకు చోటుండదు, జిప్సీ దగ్గరే బిగుసుకుంటుంది. పడవ ఒరిగినప్పుడు ఆ గోపురం కూలి, పై చుట్లు కింది చుట్ల అడుగున చిక్కుకుంటాయి. తర్వాత దించబోతే ముడిపడి వస్తుంది.

ఎత్తేటప్పుడు మధ్యమధ్యలో ఆపి, కుప్పను పొడుగాటి కర్రతో పడగొట్టండి. విండ్లాస్ ఆగి ఉన్నప్పుడే చెయ్యాలి. గొలుసంతా లోపలికి వచ్చాక కూడా కుప్ప పైన కనీసం 30 సెంటీమీటర్ల ఖాళీ మిగలాలి. వెడల్పాటి లాకర్ కన్నా లోతైన ఇరుకు లాకర్ మేలు. అలల్లో ప్రయాణించి వచ్చాక, లంగరు వేసే ముందు కొంత గొలుసు చేత్తో పైకి లాగి, చిక్కు లేదని చూసుకోండి. గొలుసు చివరను పడవకు షాకిల్‌తో (పిన్నుతో మూసే ఇనుప కొక్కెంతో) బిగించొద్దు. డెక్ మీదకి అందేంత పొడవు తాడుతో కట్టండి, అవసరమైతే కత్తితో కోసి వదిలెయ్యొచ్చు.

జిప్సీ మీద గొలుసు టకటకా జారుతోంది

10 మి.మీ. గొలుసుల్లో డిన్ 766 (జర్మన్ ప్రమాణం) రకానికి లింకు లోపలి పొడవు 28 మి.మీ., ఐఎస్‌ఓ (అంతర్జాతీయ ప్రమాణం) రకానికి 30. ఒకదాని జిప్సీ ఇంకోదానికి పనికిరాదు. రకం సరైనదే అయితే జిప్సీ అరిగిందేమో చూడండి.

లంగరు తలకిందులుగా పైకొస్తోంది

గొలుసు మెలి పడింది. లంగరు నీటి మట్టానికి రాగానే పడవను మెల్లగా వెనక్కి నడిపితే చాలాసార్లు నీటి ఒరవడికే తిరుగుతుంది. స్వివెల్ (మెలి పడకుండా తిరిగే కీలు) వాడితే, దానికీ లంగరుకీ మధ్య రెండు మూడు లింకులు ఉంచండి. నేరుగా తగిలిస్తే పక్క ఒత్తిడికి స్వివెల్ వంగిపోతుంది.

రోక్నా లాంటి, పైన విల్లులా వంగిన కమ్మీ ఉన్న లంగరు కొంటుంటే ముందు అట్టతో నమూనా కత్తిరించి రోలర్ మీద పెట్టి చూడండి. ఆ కమ్మీ ముందు రెయిలింగ్‌కో, ముందు తెరచాపను చుట్టే ఫర్లర్ డ్రమ్‌కో తగిలితే ఇంకో రకం చూసుకోవాల్సిందే.