లప్పంతో బొమ్మలు – 3వ పాఠం: కొంగకి కాళ్ళు

పోయిన పాఠంలో లప్పం కలిపాం: తూకంలో ఆరు పాళ్ళు సుద్దపొడికి ఒక పాలు అవిసె నూనె. చేతికి ఇంకా అంటుకుంటుంటే కాస్త సుద్ద చల్లి, చపాతీ పిండిలా మర్దించండి. గోడలకి పూసే వైట్ సిమెంట్ పుట్టీ మాత్రం దీనికి వద్దు, చేతులు మండుతాయి.

పర్లాకిమిడిలో నేను పెయింటింగు నేర్చుకునేటప్పుడు, కిటికీ అద్దాలకి లప్పం పెట్టే క్లాసంటే మాకు పండగ. మాస్టారు అటు తిరగ్గానే బల్లల మీద ఏనుగులు, పాములు, ఒక్కోసారి మాస్టారి ముక్కు. నాకు కొంగ పిచ్చి. మా ఊళ్ళో గేదె కొమ్ముతో చేసే కొంగల్ని చూస్తూ పెరిగాను మరి. కొమ్ముకి సెగ తగిలిస్తే వంగుతుంది, చల్లారాక అలాగే ఉండిపోతుంది. లప్పానికి ఆ బిగువేదీ? భోజనాల బెల్లు కొట్టేసరికి నా కొంగ పొట్ట మీద చతికిలబడింది. "ఏటిరా, గుడ్లెట్టిందా?" అన్నారు మాస్టారు.

సంగతేమిటంటే, లప్పంలో ఆరిపోవడానికి నీళ్ళు లేవు. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ని పీల్చుకుని గట్టిపడుతుంది. గాలి తగిలేది పైనే కాబట్టి మీగడ కట్టినట్టు పైపొర బిగుస్తుంది, మందంగా ఉంటే లోపల వారాల తరబడి మెత్తగానే ఉంటుంది.

అందుకే ఎముకలు ముందు. సెంట్రింగు వాళ్ళు వాడే కట్టుకంబిని మధ్యకి మడవండి. కొసలు రెండూ కాళ్ళు, వాటిని చెక్కకి చేసిన బెజ్జాల్లో దిగ్గొట్టండి. మడత దగ్గర న్యూస్‌పేపర్ ఉండ పెట్టి, ఇంకో కంబితో బిగించి, మిగిలినదాన్ని మెడగా వంచండి. ఉండకి ఒక కోటింగు రంగు వేసి ఆరనివ్వండి. ఇది మానేస్తే కాగితం నూనె తాగేసి లప్పం పొడిపొడిగా రాలుతుంది. ప్రైమర్ లేని కిటికీ చెక్క మీద జరిగేదీ ఇదే. ఆ తర్వాత చిటికెన వేలి మందం దాటకుండా లప్పం అద్దండి. కాళ్ళకి అక్కర్లేదు. కొంగ కాళ్ళు ఎలాగూ కంబిలాగే ఉంటాయి.

నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడెయ్యకండి. నూనె గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడి పోయే దారి లేక గుడ్డ తనంతట తానే అంటుకోవచ్చు. విప్పి దండెం మీద ఆరెయ్యండి.

పది రోజులాగి తోక కింద గోటితో నొక్కి చూడండి. గుంట పడితే ఇంకా ఆగాలి. వచ్చే పాఠంలో ముక్కు. నాది రెండుసార్లు విరిగింది.