న్యూరోఅనాటమీ ట్రాక్టులు: బట్టీ పట్టకండి, గీయండి

గుంటూరైనా విజయవాడైనా, ఎంబీబీఎస్ మొదటి ఏడాదిలో న్యూరో దగ్గర ఎక్కువమంది ఇరుక్కుపోయేది ట్రాక్టుల్లోనే, అంటే మెదడుకీ ఒంటికీ మధ్య సంకేతాలు మోసే నరాల దారుల్లోనే. పేర్లు నోటికొస్తాయి, దారి మాత్రం గుర్తుండదు.

తెల్లకాగితం మీద నాలుగు అడ్డుకోతలు గీయండి: అడుగున వెన్నుపాము, దానిపైన మెదడు కాండంలోని మెడుల్లా, పాన్స్, మిడ్‌బ్రెయిన్. బీసెంట్ రోడ్డులో కొన్న మూడు రంగుల పెన్నులు చాలు. నీలంతో డోర్సల్ కాలమ్ (వైబ్రేషన్ మోసేది): వెన్నుపాములో వచ్చిన వైపే పైకి వెళ్లి, మెడుల్లాలో అవతలికి దాటుతుంది. ఎరుపుతో స్పైనోథాలమిక్ (నొప్పి, వేడి, చలి మోసేది): వెన్నుపాములోనే, ఒకటి రెండు సెగ్మెంట్లలో దాటేస్తుంది. ఆకుపచ్చతో కార్టికోస్పైనల్ (కండరాలను కదిలించేది), పైనుంచి కిందికి: మెడుల్లా అడుగున పిరమిడ్ల (ముందువైపు ఉబ్బుల) దగ్గర ఎక్కువ ఫైబర్లు దాటుతాయి. దాటే చోట చుక్క పెట్టండి.

ఇప్పుడు ఛాతీ దగ్గర వెన్నుపాము కుడి సగాన్ని పెన్సిల్‌తో కొట్టేయండి. కుడికాలికి బలం, వైబ్రేషన్ తెలియడం పోవాలి. నొప్పి, వేడి, చలి తెలియకపోవడం ఎడమకాలికి రావాలి. ఇదే బ్రౌన్-సెకార్ సిండ్రోమ్. లెక్క తిరగబడిందంటే ఏదో చుక్క తప్పు చోట పడినట్టే.

క్రేనియల్ నర్వులు (మెదడు నుంచి నేరుగా వచ్చే నరాలు) తేలికే: 3, 4 మిడ్‌బ్రెయిన్, 5 నుంచి 8 పాన్స్, 9 నుంచి 12 మెడుల్లా. వెనకవైపు నుంచి బయటికొచ్చేది 4వది ఒక్కటే. వైవాలో (మౌఖిక పరీక్షలో) దాన్ని వదలరు.

ఒక మెలిక ఉంది. పుస్తకంలోని మెడుల్లా బొమ్మలో సాధారణంగా పిరమిడ్లు కింద ఉంటాయి, ఎంఆర్ఐలో పైన. పైగా రోగి కుడివైపు మనకు ఎడమన కనబడుతుంది.

మూడో రోజు, పదో రోజు చూడకుండా మళ్లీ గీయండి. పెన్ను ఎక్కడ ఆగితే ఆ ముక్క మాత్రమే చదవండి.